సూది నిలవని గది

షామ్ షుయ్ పోలో ఆరో అంతస్తు. లిఫ్టు లేదు.
మాస్టర్ ఔయుంగ్ మూడు చోట్ల ఆగింది.
నాలుగోసారి ఆగినట్టు తెలియకూడదని
గోడ మీది పాత నోటీసు చదవడం మొదలుపెట్టింది.
దిక్సూచి పెట్టె నా భుజాన.
పదకొండేళ్లుగా మోస్తున్నాను,
చదవడం మాత్రం ఇప్పటికీ సగమే వచ్చు.

ఒక వాటాని ఐదు గదులుగా విరిచారక్కడ,
అప్పడం విరిచినట్టు. ఏ ముక్కకీ సరైన అంచు లేదు.
మూడో ముక్క యుక్-చింగ్‌ది.
తలుపు మంచానికి తగిలి సగంలో ఆగిపోతుంది,
మనం కూడా సగమే అయి లోపలికి పోవాలి.

"నిద్ర పట్టడం లేదు," అంది.
ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట రాత్రి పని.
తెల్లారి వచ్చి, కూతురు లేచి వెళ్లిన
వెచ్చటి గుంటలోనే నడుం వాలుస్తుంది.
ఒకటే మంచం. వంతులవారీగా నిద్ర.

మాస్టర్ పెట్టె తెరిచింది.
ఎర్రటి చదరపు పలక, దాని మీద తిరిగే ఇత్తడి చక్రం,
చీమల బారుల్లా అక్షరాలు,
నట్టనడుమ స్వర్గపు కొలను అని పిలిచే చిన్న గుంటలో సూది.
తిరిగింది. తిరుగుతూనే ఉంది.
ఇటు ఫ్రిజ్జు, అటు ఇనప మంచం,
గోడవతల ఎవరిదో మోటారు,
బెదిరిన సాక్షిలా
క్షణానికో ఉత్తరం చెప్పింది.

మంచం తలుపుకి ఎదురుగా ఉండకూడదు, నాకు తెలుసు.
నిప్పుకీ నీళ్లకీ పొత్తు కుదరదు, అదీ తెలుసు.
ఇక్కడ పొయ్యి మీద నిలబెట్టిన గిన్నె
మరుగుదొడ్డి తలుపుని ఒరుసుకుంటోంది.
మంచం జరపాలంటే గోడని జరపాలి,
గోడని జరపాలంటే ఇంటి ఓనర్ని.
గాలీ నీరూ, అదేగా మా విద్య పేరు!
గాలి ఈ అద్దెలో కలిసి లేదు,
నీళ్లకి విడిగా బిల్లు.

కిటికీ ఒకటుంది, నూతిలోకి తొంగిచూస్తున్నట్టు.
రెండు బారల దూరంలో ఎదుటి గోడ,
ఆ గోడకి ఎనిమిది పలకల అద్దం.
"తమ చెడంతా మా మీదికి తిప్పికొడుతున్నారు,"
అంటూ యుక్-చింగ్ మంచం కిందనుంచి ఇంకో అద్దం లాగింది.
దానికి రెండింతలుంది. ధర చీటీ ఇంకా ఊడలేదు.
"ఎక్కడ కట్టమంటారు?"

మాస్టర్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది:
"అన్నం తిన్నారా?"
చాలాసేపటికి ఒక ముసలాయన,
నోట్లో పళ్ల బ్రష్షు.
"అద్దమా? పావురాల కోసం తల్లీ.
నా బట్టల మీద కూర్చుంటున్నాయి, దొంగముండలు."

పదవుతోంది. ఎక్కడినుంచో చీలికంత ఎండ నూతిలోకి దిగి,
ఆ అద్దాన్ని తాకి, ఎగిరి వచ్చి
సరిగ్గా దిండు మీద పడింది.
ఎవరూ మాట్లాడలేదు.
యుక్-చింగ్ చెయ్యి చాపింది, అరచేతిలో వెలుగు వణికింది.
నెలల తరబడి తన కనురెప్పల్ని తడుతున్నది
ఇదన్నమాట.

"కాస్త పైకి వంచండి," అంది మాస్టర్.
వెలుగు గోడెక్కింది, పైకప్పులో మాయమైంది.
"అయ్యో!" అని మూలనుంచి హోయ్-లామ్.
బడి లేని రోజుల్లో, అమ్మ అటు తిరిగి పడుకున్నప్పుడు
ఆ వెలుగులో వేళ్లతో కుందేళ్లు చేసి ఆడించేదట.
ముసలాయన నురగ ఉమ్మి, ఆలోచించి,
"ఆదివారాలు దించుతాలే," అన్నాడు,
"పావురాలకీ సెలవుండాలి కదా."

ఎర్ర కవరు ఇవ్వబోతే మాస్టర్ పుచ్చుకోలేదు.
పెద్దద్దాన్నే ఫీజుగా తీసుకుంది.
"నీ వీపుకేసి తిప్పి కట్టుకో," అంది నాతో.

దిగేటప్పుడు బరువు రెండింతలు.
నాలుగో అంతస్తులో ఆమె మళ్లీ ఆగింది.
ఉండబట్టలేక పెట్టె తెరిచి చూశాను.
సూది నిలబడి ఉంది.
చెప్పబోయి ఆగాను,
ఆమె ఆ నోటీసునే
మొదటినుంచీ మళ్లీ చదువుతోంది.